టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ తగ్గినట్టా? రిపోర్టులోని ఈ తిరకాసు వెనుక అసలు సంగతి ఇదే!

ల్యాబ్ నుంచి రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది. టీఎస్‌హెచ్ ఎదురుగా 12 అనో 15 అనో అంకె ఉంటుంది. అది చూడగానే ఇంట్లో వినిపించే మాట.. "థైరాయిడ్ ఎక్కువైంది". తీరా డాక్టర్ దగ్గరికి వెళ్తే "థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోంది, రోజూ మాత్ర వేసుకోండి" అంటారు. కాగితం మీద ఎక్కువ, డాక్టర్ నోట తక్కువ! ఇదెక్కడి లెక్క?

డాక్టర్ చెప్పిందే కరెక్ట్. ఎందుకంటే టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ కాదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఒంట్లో హార్మోన్లు ఎలా పనిచేస్తాయో సగం తెలిసినట్టే.

అసలు హార్మోన్ అంటే ఏంటి?

లాలాజల గ్రంథికి ఒక నాళం ఉంటుంది. అది తయారుచేసిన లాలాజలం ఆ నాళం ద్వారా నోట్లోకి వస్తుంది. కొన్ని గ్రంథులకు అలాంటి నాళం ఉండదు. తాము తయారుచేసిన రసాయనాన్ని నేరుగా రక్తంలో కలిపేస్తాయి. వీటినే స్కూల్ పుస్తకాల్లో వినాళ గ్రంథులు అంటారు. ఆ రసాయనమే హార్మోన్. రక్తం ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి మెడలో పుట్టిన హార్మోన్ గుండె మీదా, పేగుల మీదా, చర్మం మీదా పనిచేస్తుంది.

1902లో లండన్‌లో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఓ ప్రయోగం చేశారు. పేగుకు వెళ్లే నరాలను తెంచేసినా.. పేగు నుంచి క్లోమానికి కబురు అందుతూనే ఉందని గమనించారు. అంటే ఆ కబురు రక్తంలో వెళ్తోందన్నమాట! అలా దొరికిందే సెక్రెటిన్. 1905లో స్టార్లింగ్ ఇలాంటి రసాయనాలకు 'హార్మోన్' అనే పేరు వాడారు.

ఏ గ్రంథి ఏం చేస్తుంది?

* పీయూష గ్రంథి (పిట్యూటరీ): మెదడు కింద శనగ గింజంత ఉంటుంది. ఎదుగుదలకు, బాలింతలకు పాలు పడటానికి అవసరమైన హార్మోన్లు ఇక్కడివే. మిగతా చాలా గ్రంథులకు ఆర్డర్లు వేసేదీ ఇదే.
* థైరాయిడ్: మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. శరీరం ఏ వేగంతో పనిచేయాలో నిర్ణయిస్తుంది.
* పారాథైరాయిడ్: థైరాయిడ్ వెనుక సాధారణంగా నాలుగు ఉంటాయి. రక్తంలో కాల్షియం లెక్క చూస్తాయి.
* క్లోమం: ఇన్సులిన్ ఇక్కడే తయారవుతుంది. అది తగ్గినా, సరిగ్గా పనిచేయకపోయినా షుగర్ వస్తుంది.
* అడ్రినల్ గ్రంథులు: కిడ్నీల మీద టోపీల్లా ఉంటాయి. కుక్క వెంటపడినప్పుడు గుండె దడదడలాడేది వీటి నుంచి వచ్చే అడ్రినలిన్ వల్లే.
* అండాశయాలు, వృషణాలు: నెలసరి, గడ్డం మీసాలు, సంతానం.. వీటన్నింటికీ కావాల్సిన హార్మోన్లు ఇస్తాయి.

మరి టీఎస్‌హెచ్ ఎందుకు పెరుగుతుంది?

థైరాయిడ్ తయారుచేసే హార్మోన్లు టీ4, టీ3. నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటే టీ4, మూడు ఉంటే టీ3. టీఎస్‌హెచ్ మాత్రం పీయూష గ్రంథి నుంచి వస్తుంది. 'హార్మోన్ తయారుచెయ్' అని థైరాయిడ్‌ను పిలిచే పిలుపు అది.

పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచామనుకోండి. వెంటనే పలికితే మళ్లీ పిలవం. పలక్కపోతే? గొంతు పెంచుతాం. ఇక్కడ జరిగేదీ అదే. రక్తంలో టీ4 తగ్గితే పీయూష గ్రంథి గొంతు పెంచుతుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. టీ4 ఎక్కువైతే పిలవడం మానేస్తుంది, టీఎస్‌హెచ్ పడిపోతుంది. అందుకే టీఎస్‌హెచ్ ఎక్కువ ఉంటే చాలాసార్లు హైపోథైరాయిడ్, బాగా తక్కువ ఉంటే హైపర్‌థైరాయిడ్ అని అర్థం.

చాలా ల్యాబుల్లో పెద్దవాళ్లకు టీఎస్‌హెచ్ సుమారు 0.4 నుంచి 4 మధ్య ఉంటే నార్మల్‌గా చూస్తారు. గర్భిణులకు ఈ లెక్క వేరు.

హైపో ఉన్నవాళ్లకు నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, నెలసరిలో తేడాలు కనిపిస్తాయి. హైపర్‌లో గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, బాగా తింటున్నా బరువు తగ్గడం ఉంటాయి.

టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే మోసపోయే సందర్భం

పిలిచే గ్రంథే దెబ్బతింటే? కాన్పు సమయంలో తీవ్రంగా రక్తం పోతే కొందరిలో పీయూష గ్రంథి దెబ్బతింటుంది. దీన్ని షీహన్ సిండ్రోమ్ అంటారు. బాలింతకు పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, నీరసం వదలదు. థైరాయిడ్ హార్మోన్ తక్కువున్నా టీఎస్‌హెచ్ మాత్రం నార్మల్‌గా కనిపించవచ్చు. ఇలాంటప్పుడు ఫ్రీ టీ4 కూడా చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది.

'రిపోర్టు నార్మల్ వచ్చింది, మాత్ర ఆపేద్దాం' అంటే..

చాలామంది చేసే పొరపాటు ఇదే. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే రిపోర్టు నార్మల్ వచ్చింది. మాత్రలోని టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. అందుకే ఆపిన మర్నాడే తేడా తెలియదు. 'ఆపినా ఏం కాలేదుగా' అనిపిస్తుంది. వారాలు గడిచాక నీరసం మళ్లీ మొదలవుతుంది. డోసు మార్చాక 6 నుంచి 8 వారాలు ఆగి టెస్ట్ చేయించమనేది కూడా ఇందుకే.

* మాత్రను పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి. టీ, కాఫీ, టిఫిన్ కనీసం అరగంట తర్వాతే.
* ఐరన్, కాల్షియం మాత్రలకు, దీనికి మధ్య 4 గంటల తేడా ఉండాలి.
* జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే టెస్ట్‌కు ముందే డాక్టర్‌కు చెప్పాలి. దాని వల్ల రిపోర్టులో అంకెలు తప్పుగా రావచ్చు.

కడుపులో బిడ్డకు అమ్మ థైరాయిడే ఆధారం

గర్భం దాల్చిన మొదటి మూడు నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు కావాల్సిన థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే అందాలి. 'కడుపుతో ఉన్నప్పుడు మందులెందుకు' అని ఇంట్లో పెద్దవాళ్లు ఆపమన్నా ఈ మాత్ర ఆపకూడదు. పైగా చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది. ప్రెగ్నెన్సీ అని తెలియగానే డాక్టర్‌ను కలవాలి.

కొందరు పిల్లలు పుట్టుకతోనే థైరాయిడ్ లోపంతో పుడతారు. చూడటానికి మామూలుగానే ఉంటారు. కానీ చికిత్స ఆలస్యమైతే బుద్ధి ఎదుగుదల దెబ్బతింటుంది, అది తిరిగి రాదు. పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుంచి తీసే రెండు రక్తపు చుక్కలతో దీన్ని పట్టుకోవచ్చు. రెండు వారాల్లోపు మాత్ర మొదలుపెడితే దాదాపు అందరు పిల్లల్లా ఎదుగుతారు. డిశ్చార్జికి ముందు "బాబుకు టీఎస్‌హెచ్ టెస్ట్ చేశారా?" అని ఆస్పత్రిలో ఒక్కమాట అడగడం మర్చిపోవద్దు.

ఉప్పు సంగతేంటి?

టీ4 తయారీకి అయోడిన్ కావాలి. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో డాక్టర్ వి.రామలింగస్వామి బృందం మొదలుపెట్టిన అధ్యయనం, అయోడిన్ కలిపిన ఉప్పుతో గాయిటర్ తగ్గుతుందని చూపించింది. దేశంలో 1962లో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అయితే హైపో వచ్చిందని ఉప్పు ఎక్కువ తింటే లాభం లేదు, బీపీ పెరగడం తప్ప.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మాత్ర మొదలుపెట్టాలన్నా, డోసు మార్చాలన్నా, ఆపాలన్నా డాక్టర్‌ను సంప్రదించాలి.