ఆరు మంచు బొమ్మల పాఠం!
ఉద్యోగానికో, పైచదువుకో జపాన్ వెళ్తే ఫిబ్రవరిలో ఓ వీకెండ్ ఫ్రెండ్స్‌తో సపోరో మంచు పండుగ చూసి రండి. ఒడోరి పార్కులో మేడలంత మంచు శిల్పాల ముందు సెల్ఫీలు ఎలాగూ దిగుతారు. అయితే 1950లో అక్కడున్నవి ఆరే బొమ్మలు. చేసిందెవరో తెలుసా? స్థానిక స్కూలు విద్యార్థులు. 1955లో జపాన్ ఆత్మరక్షణ దళం తోడై భారీ శిల్పం నిలబెట్టింది. 1972 వింటర్ ఒలింపిక్స్‌తో పండుగ పేరు ప్రపంచమంతా తెలిసింది.

ఇంటర్వ్యూలో ‘కాలేజీలో ఏం చేశావ్?’ అంటే ‘చిన్న ప్రాజెక్టే సార్’ అని నసుగుతున్నారా? ఆ పిల్లలు మొదలుపెట్టిందీ చిన్నదే! చేసిన పనిని మీరే తక్కువ చేసుకోకండి. ఎందుకు మొదలుపెట్టారు, టీమ్‌లో మీ వంతు ఏమిటి, ఎక్కడ చిక్కుపడ్డారు, ఎలా బయటపడ్డారు.. ఈ నాలుగూ రెండు నిమిషాల్లో చెప్పడం ఇవాళే ప్రాక్టీస్ చేయండి.