కోటు కొంటే సరా? ఒంటికి కుదరాలి కదా!

పెళ్లి ఇంకా వారం ఉందనగా హైదరాబాదు వచ్చి, అద్దాల దుకాణంలో రెడీమేడ్ సూటు కొనుక్కుని, సంచీ చంకన పెట్టుకుని సాయంత్రం బస్సుకే తిరిగిపోయే యువకులు మన పల్లెల్లో ఇప్పుడు చాలామందే ఉన్నారు. తీరా రిసెప్షన్ నాడు తొడుక్కుంటే కోటు చేతులు వేళ్లదాకా దిగుతాయి. భుజాలు పక్కకు జారతాయి. నడుము దగ్గర గుప్పెడు గుడ్డ బెల్టు కింద ముడతలు పడుతుంది. అప్పటికి దర్జీని వెతికే వ్యవధి ఉండదు. అప్పు చేసి కొన్న సూటు కాస్తా, ఫొటోల్లో ఎవరినో అడిగి తెచ్చుకున్న సూటులా కనిపిస్తుంది.

నిజానికి తప్పు సూటుది కాదు, వేసుకున్నవాడిదీ కాదు. రెడీమేడ్ సూటు కొనగానే పని పూర్తయిందనుకోవడమే తప్పు. అది సగం పని మాత్రమే. మిగతా సగం దర్జీ చేతిలో ఉంది.

సినిమా బస్తీలో కుట్టుమిషన్లు

ఆ మిగతా సగం ఎలా జరుగుతుందో చూడాలంటే రహమత్ నగర్ వంటి బస్తీకి వెళ్లాలి. యూసుఫ్‌గూడకు ఆనుకుని, జూబ్లీహిల్స్ బంగళాలకు కూతవేటు దూరంలో ఉన్న ఇరుకు సందుల బస్తీ ఇది. పక్కనే కృష్ణానగర్. మద్రాసులో స్థిరపడిన తెలుగు సినిమా క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చాక, 1976లో మొదలైన అన్నపూర్ణా స్టూడియో మొదలుకుని ఫిలింనగర్ దాకా ఈ చుట్టుపక్కల ప్రాంతమంతా సినిమావారి నెలవైంది. కొండమీద తారలు ఉంటే, కొండ కింది అద్దె గదుల్లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, కాస్ట్యూమర్లు, చిన్నాచితకా పనివారు ఉంటారు.

సినిమాలో 24 శాఖలని చెప్పుకోవడం వాడుక. దుస్తుల శాఖ అందులో ఒకటి. తెరమీద హీరో సూటు మెరిసిపోతుందంటే దాని వెనుక కత్తెర పట్టిన చేయి ఒకటి ఉంటుంది. 1966లో వచ్చిన 'గూఢచారి 116'లో సూటు వేసుకున్న కృష్ణను చూసి ఆ రోజుల్లో మోజుపడని కుర్రవాడు లేడంటే అతిశయోక్తి కాదు. కానీ సూటు కుట్టిన దర్జీ పేరు అడిగినవాడు మాత్రం లేడు.

ఆ పనివారిలోనూ పేరు తెచ్చుకున్నవారు లేకపోలేదు. కాస్ట్యూమ్స్ కృష్ణ అలాంటివారే. విజయనగరం జిల్లా లక్కవరపుకోట నుంచి మద్రాసు వెళ్లి, పెద్ద పెద్ద తారలకు దుస్తులు అమర్చి, 1991లో 'భారత్ బంద్' చిత్రంతో నటుడయ్యారు. నిర్మాత కూడా అయ్యారు. 2023లో కన్నుమూసేవరకూ ఆయన పేరుకు ముందు 'కాస్ట్యూమ్స్' అన్న మాట చెరగలేదు. పల్లె నుంచి వెళ్లిన మనిషికి కుట్టుపని తెచ్చిన గౌరవం అది.

వీపున పిన్నులు

షూటింగుల్లో ఒక కిటుకు ఉంది. కోటు వదులైతే కుట్టేందుకు తీరిక లేనప్పుడు వెనక గుడ్డను పట్టి పిన్నులో, క్లిప్పులో పెట్టేస్తారు. కెమెరా ముందు వైపు ఉంది కనుక వీపు ఎవరికీ కనిపించదు. ముందునుంచి చూస్తే కోటు ఒంటికి అతికినట్లు ఉంటుంది.

పెళ్లికొడుక్కి ఈ వీలు లేదు. అతనిని ముందునుంచి ఫొటోగ్రాఫరు చూస్తాడు, పక్కనుంచి బావమరదులు చూస్తారు, వెనకనుంచి ఊరంతా చూస్తుంది. కాబట్టి అతని కోటు నాలుగు వైపులా కుదరవలసిందే.

ఎవరి కొలత ఇది?

రెడీమేడ్ సూటు ఎందుకు కుదరదు? 38, 40, 42 అని కోటు మీద వేసే అంకెలు ఛాతీ కొలతను అంగుళాల్లో చెబుతాయి. ఛాతీకంటే నడుము సుమారు 6 అంగుళాలు తక్కువ ఉంటుందన్న లెక్కతో జత పాంటు కుట్టడం పరిపాటి. అంటే 40 కోటుకు 34 పాంటు.

పొలం పనిచేసే కుర్రవాడి ఒళ్లు ఈ లెక్కకు లొంగదు. పార పట్టి, బస్తాలు మోసి అతని భుజాలు విశాలమవుతాయి. నడుము సన్నగానే ఉంటుంది. ఛాతీకి సరిపోయిన సూటు నడుముకు సంచిలా వేలాడుతుంది. నడుముకు సరిపోయినది భుజాల దగ్గర పట్టేస్తుంది. కుర్చీలో కూర్చుని పనిచేసి బొజ్జ పెరిగిన ఉద్యోగికి దీనికి సరిగ్గా తిరగబడిన చిక్కు. ఇద్దరికీ మందు దర్జీ దగ్గరే ఉంది.

భుజం దగ్గర రాజీ వద్దు

రహమత్ నగర్‌లో ఒక చిన్న దుకాణంలో ఈ రచయిత కళ్లారా చూసిన సంగతి ఇది. ఊరి నుంచి తండ్రీ కొడుకులు వచ్చారు. పెళ్లి నాలుగు రోజులు ఉంది. కొడుకు ఛాతీ 40. తండ్రి మాత్రం కాస్త వదులుంటే పదేళ్లు వస్తుందని 44 కోటు కొనిపించాడు. దర్జీ తొడిగించి చూశాడు. భుజం కుట్టు మీద వేలు పెట్టాడు. అది అసలు భుజం దాటి అంగుళంన్నర కిందికి దిగి ఉంది.

"పెద్దాయనా, నడుము తగ్గిస్తా, చేతులు తగ్గిస్తా. భుజం మాత్రం ముట్టుకోను. బిల్లు ఉంది కదా, పోయి చిన్నది మార్చుకుని రండి" అన్నాడు.

"తగ్గించలేవా మాస్టరూ? ఎంతైనా ఇస్తాం" అన్నాడు తండ్రి.

"తీసుకోవచ్చు. కానీ కోటు పాడవుతుంది. పిల్లవాడి పెళ్లి కదా" అన్నాడు దర్జీ.

చేతికి వచ్చిన పని వదులుకుని నిజం చెప్పినందుకు ఆ తండ్రి కోపగించుకోలేదు. కొడుకును వెంటబెట్టుకుని దుకాణానికి తిరిగి వెళ్లాడు. సాయంత్రానికి 40 కోటుతో వచ్చాడు. మూడో రోజుకు పని పూర్తయింది.

భుజం మార్చాలంటే చేతులు ఊడదీయాలి, లోపలి మెత్త తీయాలి, కాలరు వరకూ కదిలించాలి. కోటును దాదాపు కొత్తగా కుట్టినంత పని. అందుకే దుకాణంలో కొనేటప్పుడే భుజం చూసుకోవాలి. దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది. కోటు తొడుక్కుని గోడ పక్కన నిలబడి మెల్లగా గోడకు ఆనండి. మీ చేయి తగలకముందే కోటు భుజం గోడకు తగిలి నలిగితే ఆ కోటు మీకు పెద్దది.

మార్చదగినవి, మార్చరానివి

చేతుల పొడవు తగ్గించడం తేలిక పని. మణికట్టు ఎముక దగ్గర కోటు చేయి ఆగి, లోపలి చొక్కా అర అంగుళం కనిపించాలి. చేతి చివర గుండీలు అలంకారానికి కుట్టినవైతే ఇబ్బంది లేదు. కాజాలు నిజంగా కోసి ఉంటే మాత్రం పొడవును పైన భుజం దగ్గర తగ్గించాలి. అది కష్టం, ఖర్చు కూడా ఎక్కువ.

నడుము దగ్గర పక్క కుట్లు, వెనక నడిమి కుట్టు విప్పి అంగుళం రెండు అంగుళాలు లోపలికి తీయవచ్చు. వదులు చేయడం మాత్రం లోపల మడిచి ఉంచిన గుడ్డను బట్టి ఉంటుంది. గుడ్డ లేకపోతే ఎంతటి పనివాడైనా చేయగలిగింది లేదు.

పాంటు నడుమును వెనక నడిమి కుట్టు దగ్గర తగ్గిస్తారు. అంతకు మించి లాగితే వెనక జేబులు రెండూ ఒకదాని పక్కకు ఒకటి వచ్చి చేరతాయి. చూసినవారు నవ్వుతారు. కాళ్ల పొడవు తగ్గించడం అన్నిటికంటే సులువు.

కోటు పొడవు మాత్రం తగ్గించబోవద్దు. జేబులు, గుండీలు వాటి వాటి చోట్లలోనే ఉంటాయి కనుక కింద కత్తిరిస్తే జేబులు అంచుకు వచ్చి కోటు తీరు చెడుతుంది.

నమస్కారం పెట్టి చూడండి

దర్జీ దగ్గరకు ఉత్త చేతులతో వెళ్లవద్దు. పెళ్లినాడు వేసుకునే చొక్కా, బెల్టు, బూట్లు వెంట తీసుకువెళ్లాలి. చెప్పులు తొడుక్కుని పాంటు పొడవు గుర్తు పెట్టించుకుంటే, మడమ ఎత్తు బూట్లు వేసిన నాడు పాంటు పైకి లేచి కూర్చుంటుంది.

దర్జీ సుద్దముక్కతో గీతలు గీసి, పిన్నులు పెట్టిన తర్వాత అద్దం ముందు బొమ్మలా నిలబడితే చాలదు. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి చూడాలి. వచ్చినవారందరికీ ఆ రోజు చేయవలసింది అదే కదా. వంగి పెద్దల పాదాలు తాకినట్లు చూడాలి. కుర్చీలో కూర్చోవాలి. పై గుండీ పెట్టినప్పుడు పొట్ట మీద గుండీ నుంచి నాలుగు వైపులా ముడతలు లాగితే కోటు బిగువని అర్థం. మెడ వెనక కోటు కాలరుకూ చొక్కా కాలరుకూ మధ్య సందు కనిపిస్తే అది కూడా చెప్పాలి.

ఇంకో సంగతి. కొత్త కోటు వెనక చీలికను అడ్డంగా దారంతో కుట్టి ఉంచుతారు. చేతి మీద కంపెనీ పట్టీ కుడతారు. ఈ రెండూ తీసివేయడానికి ఉద్దేశించినవే. వాటితోనే పెళ్లి పీటల దాకా వెళ్లినవారు కద్దు. కింది గుండీ పెట్టకుండా వదిలేయడం కూడా రివాజు.

తమ్ముడికి పనికి వచ్చేలా

పల్లెలో సూటు ఒక్కడితో ఆగదు. అన్న పెళ్లి సూటు తమ్ముడికి, ఆపైన పినతండ్రి కొడుక్కి చేరుతుంది. అందుచేత దర్జీతో ఒక మాట తప్పక చెప్పాలి. తగ్గించిన చోట మిగిలిన గుడ్డను కత్తిరించి పారేయవద్దని, లోపలే మడిచి కుట్టమని. నాలుగేళ్ల తర్వాత అదే గుడ్డ విప్పి వదులు చేసుకోవచ్చు.

అలాగే ఈ సూటును చాకిరేవుకు వేయరాదు. చాలా రెడీమేడ్ కోట్లలో ముందు భాగం గట్టిగా నిలవడానికి లోపల ఒక గుడ్డను జిగురుతో అంటిస్తారు. నీళ్లలో నానబెట్టినా, మితిమీరిన వేడితో ఇస్త్రీ చేసినా ఆ జిగురు వదిలి కోటు రొమ్ము మీద బుడగలు లేస్తాయి. ఆ బుడగలను ఇక ఎవరూ దించలేరు. డ్రై క్లీనింగ్‌కు ఇవ్వాలి. ఇస్త్రీ చేయాలంటే పైన తడిపి పిండిన నూలు గుడ్డ వేసి చేయాలి.

ఊళ్లోనూ ఉన్నారు దర్జీలు

ఒకప్పుడు పండగ వస్తే దర్జీ ఇంటి ముందు వరుస కట్టేవారు. రెడీమేడ్ బట్టలు వచ్చాక ఆ వరుస తరిగిపోయింది. కొత్త బట్ట కుట్టవలసిన చేతులు ఇప్పుడు ఎక్కడో కుట్టిన బట్టలను సరిచేసి పొట్ట పోసుకుంటున్నాయి. రహమత్ నగర్‌లోనైనా, మన మండల కేంద్రంలోనైనా సంగతి ఇదే. సరిచేయడం కుట్టడం కంటే తక్కువ పని అనుకోవడం పొరపాటు. ఒకరు కుట్టినదాన్ని విప్పి, ఆనవాలు తెలియకుండా మళ్లీ కుట్టాలంటే నేర్పు కావాలి.

కనుక సూటు కొనే డబ్బులోనే దర్జీ కూలి కూడా ముందే పక్కన పెట్టుకోండి. ఎంత తీసుకుంటాడో ముందే మాట్లాడుకోండి. పెళ్లికి కనీసం పది రోజుల ముందు కోటు అతని చేతిలో ఉండాలి. కోటు పని తెలిసిన దర్జీ మీ ఊళ్లోనే ఉంటే హైదరాబాదు దాకా రానక్కరలేదు. భుజం కుదిరిన కోటు ఒకటి మీరు చూసుకుని కొనండి, మిగతాది అతను చూసుకుంటాడు.