బొమ్మ యోడలు నడుపు కప్తానులు

వానలు కురియునపుడు పిల్లలు కాగితపు పడవలు చేసి వీధి కాలువలో వదలి, వాని వెంట కేరింతలు కొట్టుచు పరుగెత్తుట మన యిండ్ల ముంగిట ప్రతి యేటను చూచుచునే యున్నాము. కాని, తల నెరసిన పెద్దమనుష్యులు, ముప్పది యేండ్లు సముద్రముపై గడపినవారు, ఒక చెరువులో బొమ్మ యోడలెక్కి అయిదు దినములు తిరుగుదురనిన మన సోదరీమణులు నవ్వుదురేమో! మేమును మొదట నవ్వితిమి. ఆ యాట వెనుకనున్న సంగతి తెలిసికొన్న కొలది నవ్వు తగ్గినది.

ఫ్రాన్సు దేశమున ఆల్ప్సు పర్వతముల పాదసీమలో, గ్రెనోబుల్ పట్టణ ప్రాంతమున, చెట్ల నడుమ నొక చిన్న సరస్సు కలదు. దానిని పోర్ట్ రెవెల్ అందురు. సముద్రము కనుచూపు మేరలో నెచ్చటను లేదు. అయినను ప్రపంచపు నలుమూలల నుండి కప్తానులును, రేవు పైలట్లును ఇచటికి విద్యార్థులై వత్తురు. 1967లో నీ విద్యాలయము నెలకొల్పబడినది. ఆ రోజులలో చమురు మోయు ఓడలు ఏటేట పెరిగి రెండు లక్షల టన్నుల బరువు వరకు వచ్చుచుండెను. చిన్న యోడలపై చేయి తిరిగిన కప్తానులకు ఆ మహాకాయములను మలుపుట యెట్లో తెలియకుండెను. కావున ఎస్సో చమురు సంస్థవారు తమ కప్తానుల కొఱకు ఈ యేర్పాటు చేయించిరి.

అదే 1967 మార్చి 18వ తేదీన, లక్షకు పైగా టన్నుల ముడి చమురుతో పోవుచున్న టోరీ కేన్యన్ అను ఓడ ఇంగ్లండు నైఋతి తీరమున రాళ్లపై నెక్కి పగిలెను. ఆ చమురు తీరములెల్ల కప్పి వేలాది సముద్ర పక్షులను చంపినది. ఈ రెంటికిని సంబంధము కల్పించుట మా యుద్దేశము కాదు. ఒక్క మనుష్యుని పొరపాటు ఎంతదూరము పోగలదో చూపుటకే చెప్పితిమి.

సరస్సులోని ఓడలు నిజమైన ఓడలలో ఇరువదియైదవ వంతు. 400 మీటర్ల ఓడ ఇచట 16 మీటర్లగును. పొడవు, వెడల్పు, లోతు మూడును తగ్గును గనుక బరువు 15,625వ వంతునకు దిగును. రెండు లక్షల టన్నులది పదమూడు టన్నులకు లోపుగా తేలును. దానిలో ఇద్దరు ఒకరి వెనుక నొకరు కూర్చుందురు. ఒకరు ఆజ్ఞ యిత్తురు. రెండవవారు చుక్కాని త్రిప్పుదురు. నిజమైన ఓడలో కప్తాను నిలుచు ఎత్తునకు సరిగా ఇచట వాని కన్ను వచ్చునట్లు పీట అమర్చుదురు. శరీరములో తక్కిన భాగమంతయు ఓడ కడుపులోనే యుండును!

ఇక నసలు చిత్రము కాలమునందున్నది. ఇది తెలియుటకు గొప్ప గణితము అక్కరలేదు. మన యింటి ఉయ్యాల చాలును. దూలమునకు పొడుగు గొలుసులతో కట్టిన ఉయ్యాల మెల్లగా నూగును. పొట్టి త్రాటి ఉయ్యాల గబగబ నూగును. త్రాటి పొడవు నాల్గవ వంతు చేసినచో ఊపునకు పట్టు కాలము సగమగును. ఇరువదియైదవ వంతు చేసినచో అయిదవ వంతగును. అలల నడుమ ఓడకును ఇదియే లెక్క. దీనిని పందొమ్మిదవ శతాబ్దమున విలియం ఫ్రూడ్ అను ఆంగ్లేయ ఇంజనీరు చిన్న నమూనాలను నీట లాగి చూచి స్థిరపఱచెను.

నిండు సరకుతో పోవు ఓడ యంత్రమును వెనుకకు త్రిప్పినను పదునైదు నిమిషములు, నాలుగు కిలోమీటర్లు ముందునకే పోవుననుకొందము. సరస్సులో నది మూడు నిమిషములు, 160 మీటర్లగును. ఈ మాంద్యము చెడకుండుటకే బొమ్మ యోడకు అధిక బలము గల మోటారు పెట్టరు. గాలియు అంతే, మన చీర చెంగు కదలించు పిల్లగాలి ఆ యోడకు అయిదు రెట్ల వేగము గల పెనుగాలితో సమానము. చుట్టునున్న చెట్లు అందుకే అక్కరకు వచ్చును.

కాలము అయిదు రెట్లు వేగముగా నడచుటచే కప్తాను ఆలోచనయు అంత వేగముగా సాగవలెను. మనుష్యుని బుద్ధిని మాత్రము కొలత ప్రకారము మార్చలేరు గదా! ఇది ఈ పద్ధతిలో నొక లోపమే యని మా యభిప్రాయము. అయినను గట్టుకు తగిలినచో పోవునది కొంచెము రంగు, కొంచెము గర్వము; అంతకు మించి నష్టము లేదు.

గట్టనగా గుర్తు వచ్చినది. రెండు కాగితములను ముఖమునకు ముందు బెత్తెడు ఎడముగా పట్టుకొని నడుమ ఊదుడు. అవి విడిపోవునని తోచును. కాని దగ్గఱకు వచ్చును. పిల్లలకు చూపినచో సంతోషింతురు. ఇరుకు కాలువలో ఓడకును గట్టునకును నడుమ నీరు వడిగా పారునపుడు ఇట్లే ఓడ వెనుక భాగము గట్టు వైపునకు లాగబడును, ముక్కు ఆవలకు తిరుగును. లోతు తక్కువ చోట వేగముగా పోయినచో ఓడ మఱికొంత క్రిందికి దిగి అడుగు తాకవచ్చును. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అను 400 మీటర్ల ఓడ పెనుగాలిలో సూయజు కాలువ కడ్డముగా తిరిగి ఆరు దినములు దారి మూసివేసిన సంగతి చదువరులకు జ్ఞాపకముండును. ఇట్టి లాగుళ్లను ఇప్పుడు కంప్యూటరు తెరలపైనను నేర్పుదురు. కాని తెర మనము చెప్పిన లెక్కనే చూపును. నీటికి లెక్క చెప్పనక్కరలేదు. పోలండులోని ఇలావాలోను, ఇంగ్లండులోను ఇట్టి సరస్సు బడులు వెలసినది ఇందువలననే.

యంత్రము నిలిచిపోయినట్లు, చుక్కాని బిగిసినట్లు గురువులు చెప్పకుండనే కల్పింతురు. ఆ గురువులును ఒకప్పటి కప్తానులు, పైలట్లే. పైలట్టనగా రేవు లోతుపాతులెఱిగి, వచ్చు ఓడ నెక్కి దారి చూపువాడు. విశాఖపట్టణమున డాల్ఫిన్ ముక్కు కొండ ప్రక్క నిరుకు దారిని లోపలి రేవునకు ఓడ వచ్చుట చూచినవారికి వాని పని యెంత సున్నితమో వేఱుగ చెప్పనక్కరలేదు.

ఈ విద్య పురుషులకే చెల్లునని తలచువారుందురు. భారత వాణిజ్య నౌకలలో తొలి మహిళా కప్తాను రాధికా మేనోన్. 2015 జూన్ నెలలో కాకినాడ నుండి బయలుదేరిన దుర్గమ్మ అను చేపల పడవ యంత్రము చెడి, లంగరు పోయి, ఒడిశా తీరమున తుపాను గాలిలో కొట్టుకొని పోవుచుండెను. తిండియు నీరును అలలు కొనిపోగా అందులోని ఏడుగురు చేపలకై తెచ్చిన మంచుగడ్డలతో ప్రాణములు నిలుపుకొనిరి. ఆమె నడుపుచున్న చమురు ఓడ వారిని చూచినది. అంత పెద్ద యోడను అంత చిన్న పడవ చెంతకు, దానిని నలిపివేయకుండ, ఇరువదియైదు అడుగుల అలలలో తేవలెను. రెండు మార్లు తప్పినది. మూడవ మారు త్రాటి నిచ్చెన అందినది. ఏడుగురును పైకి చేరిరి. వారిలో చిన్నవాడు పదునైదేండ్ల బాలుడు.