మెడికల్ అన్‌ఫిట్ అయి ఊరికి పోయినవాళ్ళ కోసం: ఏఆర్‌టీ సెంటర్‌లో మన మాట చెల్లుతుందా?

పోయిన ఎపిసోడ్ హెచ్‌ఐవీ మీద చేశాక రెండు రకాల వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. ఒకటి, "ఇట్లాంటివి రూములో స్పీకర్ పెట్టి వినలేం అన్నా, రాసి పెట్టు" అని. అందుకే ఈ పోస్టు. రెండోది సల్మాబాద్ నుంచి ఒక తమ్ముడు సూటిగా అడిగాడు: "పేషెంట్ హక్కులు, పేషెంట్ మాట అంటున్నవ్. పాజిటివ్ అని తేలితే బహ్రెయిన్‌లో మనల్ని ఉండనిస్తరా? ఇంక మాటెక్కడిది?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఇక్కడ మనకు జరిగే పరీక్ష మనకు వైద్యం చేయడానికి కాదు. ఊళ్ళో ఉన్నప్పుడు గల్ఫ్ మెడికల్, వచ్చాక మళ్ళీ వీసా కోసం ఇంకో మెడికల్. రక్తం తీసుకుంటారు, ఫిట్టా అన్‌ఫిట్టా అని రాస్తారు. హెచ్‌ఐవీ ఉందని తేలితే వీసా నడవదు, టికెట్ చేతికొస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ హక్కుల కోసం బహ్రెయిన్‌లో 2017లో ఒక చట్టం వచ్చిన మాట నిజమే. కానీ వలస కార్మికుడికి ఇక్కడ పేషెంట్‌గా నిలబడే అవకాశమే రాదు. ఇక డాక్టరుతో మాట్లాడి మందు సంగతి తేల్చుకునేది ఎప్పుడు?

నా పాత రూములో ఒకతను ఇట్లాగే పోయాడు. అతనికి రిపోర్ట్ చూపించలేదు, కౌన్సెలింగ్ లేదు. ఫోర్‌మన్‌కు ముందే తెలిసింది, అతనికి ఆఖర్న తెలిసింది. సామాను సర్దుకుంటుంటే రూములో ఎవ్వరం నోరు విప్పలేదు. ఊరికి పోయాక ఏడాది దాకా ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదట. "ఇక్కడ కూడా అట్లనే చేస్తరు కదా" అని ఊరుకున్నాడు. నా దృష్టిలో టికెట్ కంటే ఆ ఏడాదే పెద్ద నష్టం. ఆ ఏడాదంతా వైరస్ లోపల పని చేసుకుంటూ పోయింది, మందేమో పెద్దాసుపత్రిలో ఉచితంగా ఉంది.

ఇంటి దగ్గర అట్లా చేయరా అంటే, చేసే రోజులు అక్కడా ఉండేవి. మారింది దానంతట అది కాదు, జబ్బు ఉన్నవాళ్ళు పట్టుబట్టి మార్చారు.

1983లో అమెరికాలోని డెన్వర్‌లో ఒక ఆరోగ్య సదస్సు జరిగింది. ఎయిడ్స్ ఉన్న కొద్దిమంది వేదిక ఎక్కి, "మమ్మల్ని బాధితులు అనొద్దు, మా గురించి తీసుకునే ప్రతి నిర్ణయంలో మేమూ కూర్చోవాలి" అన్న అర్థంలో ఒక ప్రకటన చదివారు. అప్పటికి దీనికి మందే లేదు. ప్రాణం మీదికొచ్చిన మనుషులు కుర్చీ అడగడం ఏంటని అప్పుడు చాలామందికి వింతగా అనిపించి ఉంటుంది. 1994 డిసెంబర్ 1న పారిస్‌లో మన దేశంతో సహా 42 దేశాలు ఆ మాటకు ఒప్పుకుని సంతకం పెట్టాయి. 1997లో చెన్నైలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళే కలిసి ఐఎన్‌పీ ప్లస్ అనే సంఘం పెట్టుకున్నారు. తర్వాత మన తెలుగు నేల మీద కూడా జిల్లా జిల్లాకూ ఇట్లాంటి సంఘాలు వచ్చాయి. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలయ్యాయి.

ఇది నేరుగా మీకు పనికొచ్చేది ఎక్కడంటే, ఏఆర్‌టీ సెంటర్‌లో కేర్ కోఆర్డినేటర్ అని ఒక ఉద్యోగం ఉంటుంది. నాకో నిబంధనల ప్రకారం ఆ కుర్చీ హెచ్‌ఐవీతో బతుకుతున్న మనిషిదే. డాక్టర్, కౌన్సిలర్, ఫార్మసిస్ట్ ఉండే చోటే, మీలాగే రోజూ ఆ మాత్ర వేసుకునే ఒక మనిషి జీతం తీసుకుంటూ పని చేస్తుంటాడు. లోపలికి వెళ్ళి ఎవరితో మొదట మాట్లాడాలో తెలియకపోతే ఆయన్నో, ఆమెనో అడగండి. మాత్ర వేసుకుంటే కల్లు తాగొచ్చా, భార్యకు ఎట్లా చెప్పాలి, పిల్లల్ని కనొచ్చా, ఇట్లాంటివి డాక్టర్ ముందు నోటికి రావు. అక్కడ వస్తాయి. ఆసుపత్రి బయట కేర్ సపోర్ట్ సెంటర్లు వేరే ఉన్నాయి. వాటిలో చాలా వాటిని పాజిటివ్ వాళ్ళ సంఘాలే నడుపుతాయి. మందు మానేసినవాళ్ళను వెతికి మళ్ళీ తీసుకొచ్చేది ఎక్కువగా వీళ్ళే.

అంతా సక్కగా ఉందని నేను అనను. క్యూలు పొడుగే, ఒక్కోచోట మాట కటువే. మందు కూడా అప్పుడప్పుడు కొరత పడుతుంది. 2022 జులైలో మందులు సరిగా అందక, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు ఢిల్లీలో నాకో ఆఫీసు ముందు ధర్నాకు కూర్చున్నారు. నెల దాటినా లేవలేదు. ముఖం దాచుకోకుండా కెమెరాల ముందు కూర్చుని "మా మాత్ర ఏది?" అని అడిగారు. పేషెంట్ మాట అంటే సలహాల పెట్టెలో చీటీ వేయడం ఒక్కటే కాదు, ఇదీ అదే.

చట్టం సంగతి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో పాసై, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఇది మన దేశం లోపలే పనిచేస్తుంది, బహ్రెయిన్‌లో చూపిస్తే ఎవరూ వినరు. కానీ ఇండియాలో దిగగానే మీ వెనక ఉంటుంది. మీ రిపోర్ట్ సంగతి మీ రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. జబ్బు ఉందని ఆసుపత్రిలో వైద్యం నిరాకరించకూడదు. అట్లా చేస్తే రాష్ట్రంలో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు ఇవ్వొచ్చు. రాయడం రాకపోతే రాసుకోవడానికి సాయం చేయాలని కూడా చట్టంలోనే ఉంది. 30 రోజుల్లో తేల్చాలి, ప్రాణాపాయం ఉంటే 24 గంటల్లో. ఎవరిని కలవాలో తెలియకపోతే ఇండియా నంబర్ నుంచి 1097కు ఫోన్ చేయండి. డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు.

సెంటర్‌లో ఏం అడగాలి అని నలుగురైదుగురు అడిగారు. ముందు మందు పేరు అడగండి. ఇప్పుడు ఎక్కువమందికి మూడు మందులు కలిపిన మాత్ర రోజుకు ఒక్కటి ఇస్తున్నారు. కిడ్నీ సమస్య, టీబీ ఉంటే ముందే చెప్పండి, మోతాదు మారుతుంది. వైరల్ లోడ్ పరీక్ష ఎప్పుడు అని అడగండి. మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి, ఆ తర్వాత ఏటా చేయాలి. వాళ్ళు మర్చిపోయినా మీరు మర్చిపోవద్దు. మందు తప్పకుండా వేసుకుని వైరస్ పరీక్షకు అందనంత తగ్గి, అట్లాగే నిలబడితే, శృంగారం ద్వారా ఇంకొకరికి అంటదు. పెళ్ళైన వాళ్ళకు ఇది ఎంత పెద్ద మాటో చెప్పనక్కరలేదు. ఒంటికి పడకపోతే మాత్ర మీరే మానేయకండి, వెళ్ళి చెప్పండి. మార్చే మందులు ఉన్నాయి.

బహ్రెయిన్ నుంచి బయల్దేరే ముందు కూడా అడగాల్సినవి ఉన్నాయి. రిపోర్ట్ కాపీ అడగండి. జబ్బు ఉందని తేలినంత మాత్రాన పని చేసిన రోజుల జీతం ఎక్కడికీ పోదు. సర్వీస్ డబ్బు 2024 మార్చి నుంచి కంపెనీ నెలనెలా సోషల్ ఇన్సూరెన్స్‌లో కట్టాలి, అది మీ పేరు మీదిది. ఇవ్వకపోతే టికెట్ తేదీ లోపలే సీఫ్‌లోని ఎంబసీకి వెళ్ళండి. ఏ జబ్బో అక్కడ చెప్పక్కరలేదు, జీతం బాకీ అని చెబితే చాలు.

రూములో ఉన్నవాళ్ళకు ఒక మాట. ఒకే పళ్ళెంలో తిన్నా, ఒకే బాత్రూం వాడినా, పక్క బెడ్ మీద పడుకున్నా ఇది రాదు. సామాను సర్దుకునే మనిషితో మాట్లాడండి. నంబర్ తీసుకోండి, ఊరికి చేరాక "సెంటర్‌కు పోయినవా?" అని ఒక్క ఫోన్ చేయండి.

ఇక చివరి ప్రశ్న, జగిత్యాల నుంచి ఒక చెల్లెలు పంపింది, వాళ్ళాయన ఇక్కడి నుంచి వెనక్కి వచ్చాడట. "మా ఊరోళ్ళు ఆ ఆసుపత్రిలోనే పని చేస్తరు అన్నా, అక్కడికి పోతే తెల్లారేసరికి ఊరంతా తెలుస్తది." చెల్లెమ్మా, అదే సెంటర్‌కు పోవాలని రూలేం లేదు. కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో పేరు రాయించుకోవచ్చు. తర్వాత దూరం కష్టమైతే, ట్రాన్స్‌ఫర్ కావాలని అడిగితే కాగితం రాసి దగ్గరి సెంటర్‌కు పంపుతారు. ఆరోగ్యం కుదుటపడ్డాక రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వమని అడగొచ్చు. మొదటి రోజు నువ్వూ తోడు వెళ్ళు, నీ పరీక్ష కూడా అప్పుడే చేయించుకో.