మన నెత్తిన ఎలక్ట్రాన్ల ఫౌంటెన్‌!

మదనపల్లెలో బయల్దేరి పుంగనూరు మీదుగా కుప్పం వెళ్లే డ్రైవరుకు సెల్‌ఫోనే దారి చూపిస్తుంది. ఆ ఫోనుకు కబురు పంపే జీపీఎస్‌ ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అంతదూరం బుద్ధిగా వచ్చే సంకేతం చివరి వెయ్యి కిలోమీటర్లలో తడబడుతుంది. అదే అయనోస్ఫియర్‌. ఎండలోని అతినీలలోహిత, ఎక్స్‌ కిరణాలు అక్కడి గాలిలోంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. వాటిని దాటడంలో సంకేతం సెకనులో వందకోట్లో వంతు ఆలస్యమైనా చాలు, దూరం లెక్కలో 30 సెంటీమీటర్లు తేడా వస్తుంది!

ఈ ఆలస్యాన్ని అంచనా కట్టడానికి అమెరికా శాస్త్రవేత్త జాన్‌ క్లొబుచార్‌ 1970ల్లో ఓ నమూనా తయారుచేశారు. మధ్యాహ్నం రెండింటికి ఆలస్యం గరిష్ఠం, రాత్రంతా స్థిరంగా 5 నానోసెకన్లు... స్థూలంగా అంతే. ఎనిమిది సంఖ్యలతో నడిచే ఈ చిన్న లెక్క సుమారు సగం తప్పును సరిదిద్దుతుంది. గొప్పే మరి!

చిక్కల్లా మన ఆకాశంతోనే. భూ అయస్కాంత మధ్యరేఖ తమిళనాడు దక్షిణ కొస మీదుగా పోతుంది. పగలు అక్కడ ఎలక్ట్రాన్లు ఫౌంటెన్‌లా పైకి లేచి, అయస్కాంత రేఖల వెంట జారి, ఉత్తరాన అహ్మదాబాద్‌ వైపు పోగుపడతాయి. కుప్పం, పుంగనూరు, మదనపల్లె ఆ ఫౌంటెన్‌ కింద ఉన్న ఊళ్లే.

పొద్దుగూకాక అసలు ఆట మొదలు. అడుగుపొర త్వరగా పలచబడుతుంది, పైన చిక్కటి పొర అలాగే ఉంటుంది. నీళ్ల అడుగున చేరిన నూనె పైకి తన్నుకొచ్చినట్టు పలచటి బుడగలు లేస్తాయి. అప్పుడు సంకేతం నక్షత్రంలా మినుకుమినుకుమంటుంది. ఒక్కోసారి రిసీవర్‌ ఉపగ్రహాన్నే వదిలేస్తుంది. ‘రాత్రంతా స్థిరం’ అనే లెక్క ఇక్కడ ఏం పనిచేస్తుంది?

ఈ బుడగల్ని పట్టుకున్నది ఎక్కడో కాదు, తిరుపతి-చిత్తూరు దారిలోని గాదంకిలో. ఇంచుమించు మదనపల్లె అక్షాంశమే దానిదీ. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనా సంస్థలో 1,024 యాంటెన్నాల రాడార్‌ 1990ల నుంచి ఆకాశాన్ని గాలిస్తోంది.

విమానాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్‌ అథారిటీ కలిసి నిర్మించిన ‘గగన్‌’ మరింత జాగ్రత్తపరురాలు. దేశంలోని కేంద్రాల కొలతలతో అయనోస్ఫియర్‌ను గళ్లుగా లెక్కకట్టి, తన అంచనా ఎంత తప్పవచ్చో కూడా చెబుతుంది. నమ్మకం తగ్గితే తనను వాడొద్దనీ హెచ్చరిస్తుంది. రన్‌వేపైకి దిగే విమానానికి కావాల్సింది ఆ నిజాయతీయే.

సౌరచర్య ఎక్కువున్న ఏళ్లలో, మార్చి-ఏప్రిల్‌, సెప్టెంబర్‌-అక్టోబర్‌ సాయంత్రాల్లో బుడగల బెడద ఎక్కువని శాస్త్రవేత్తలు ధీమాగా చెబుతారు. ‘మరి ఈ రాత్రి కుప్పం మీద లేస్తుందా?’ అంటే మాత్రం, కచ్చితంగా చెప్పగల నమూనా ఇంకా ఎవరి చేతా లేదు.