బెంచీ మీద అమ్మాయిలు

పెళ్లిళ్లకి వెళ్లాం, పుణ్యక్షేత్రాలకి వెళ్లాం, చుట్టాలిళ్లకి లెక్కలేనన్నిసార్లు వెళ్లాం. కానీ ఒక ఆట చూడ్డానికి బట్టలు సర్దుకుని, పులిహోర కలుపుకుని, వేరే ఊళ్లో దిగడమనేది మా ఇంటా వంటా లేదు. ‘‘ఆడపిల్లల బంతాటకి ఇంత ఖర్చా వదినా!’’ అని మా ఆడపడుచు ఫోన్లో బుగ్గలు నొక్కుకుంది. నిజమే, టిక్కెట్లకి పోసిన డబ్బుతో మా ఇంట్లో రెండు నెలల సరుకులు వచ్చేవి. అయినా వెళ్లాం. ఎందుకు వెళ్లామో, ఏం చూశామో మీతో చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

మేముండేది అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ అనే ఊళ్లో. ఈ సంగతి 2024 ఏప్రిల్ మొదటి వారంలో జరిగింది.

‘‘మానేస్తానమ్మా!’’

అప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో బాస్కెట్‌బాల్ టీములో చేరింది. చేరిందన్న మాటే గానీ చలికాలమంతా బెంచీ మీద కూర్చోవడమే సరిపోయింది. మొత్తం సీజన్లో కోర్టులోకి దిగింది పట్టుమని పది నిమిషాలుండదు. సీజన్ అయిపోయాక ఓ రాత్రి నేను గిన్నెలు కడుక్కుంటుంటే వచ్చి, ‘‘వచ్చే ఏడు మానేస్తానమ్మా. బెంచీ మీద కూర్చోడానికి యూనిఫామ్ ఎందుకు?’’ అంది.

‘‘పోనీలే, మానెయ్. బుద్ధిగా చదువుకో’’ అనబోయాను. మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే ఆ మాట నాది కాదు, మా నాన్నగారిది.

తెనాలి దగ్గర ఇంటర్ చదివే రోజుల్లో నేనూ ఈ ఆట ఆడాను. మట్టి కోర్టు, వల చిరిగిపోయిన రింగు. చున్నీ నడుముకి బిగించి ఆడేవాళ్లం. రెండో సంవత్సరంలో పక్క జిల్లాకి పోటీలకి వెళ్లే పన్నెండు మందిలో నా పేరూ ఉంది. నాన్నగారు ఒక్కటే మాటన్నారు: ‘‘పరాయి ఊళ్లో రాత్రిళ్లు ఉండడమా? మానెయ్. బుద్ధిగా చదువుకో.’’ ఆట మానేశాను. ఆ మరుసటి వేసవిలోనే పెళ్లి కుదరడంతో చదువూ మానేశాను. ఆయన్ని తప్పు పట్టను. ఆయన భయం ఆయనది. కానీ అదే మాట నా నోటి వెంట నా కూతురికి వెళ్లకూడదు అనుకున్నాను.

మర్నాడు మావారితో, ‘‘ఏమండీ, క్లీవ్‌లాండ్‌లో కాలేజీ అమ్మాయిల ఫైనల్స్ అవుతాయట. పిల్లని తీసుకెళ్దాం’’ అన్నాను. ఆయన నా వంక వింతగా చూసి, ‘‘పిల్ల కోసమా, నీ కోసమా?’’ అన్నారు. జవాబు చెప్పలేదు లెండి.

ఇంతకీ ఏమిటీ పోటీ?

మనకి క్రికెట్ ఎలాగో ఇక్కడివాళ్లకి కాలేజీ బాస్కెట్‌బాల్ అలాగ. మార్చి వచ్చిందంటే ఊళ్లకి ఊళ్లు టీవీలకి అతుక్కుపోతాయి. అందుకే దీన్ని ‘మార్చ్ మ్యాడ్‌నెస్’ అంటారు, మార్చి పిచ్చి అన్నమాట. ఆ ఏడాది దేశం మొత్తం మీద 68 కాలేజీల అమ్మాయిల టీములు పోటీకి దిగాయి. ఒక్కసారి ఓడితే ఇంటికే. చివరికి మిగిలిన నాలుగు టీములూ ఒకే ఊరికి వస్తాయి. దానికే ‘ఫైనల్ ఫోర్’ అని పేరు. శుక్రవారం రెండు సెమీఫైనల్స్, ఆదివారం ఫైనల్.

ఆట తెలియని వాళ్లకి ఒక్క ముక్క. పక్షానికి అయిదుగురు, పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. మామూలుగా బుట్టలో వేస్తే రెండు పాయింట్లు, దూరంగా గీసిన గీత బయటి నుంచి వేస్తే మూడు. అంతే.

బయల్దేరాం

కొలంబస్ నుంచి క్లీవ్‌లాండ్ 140 మైళ్ల పైచిలుకు, కారులో రెండున్నర గంటల దారి. పులిహోర, చపాతీ చుట్టలు, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకున్నాం. హోటల్ గదులు మాత్రం చుక్కలు చూపించాయి. సోమవారం, ఏప్రిల్ 8న ఆ ఊళ్లో సంపూర్ణ సూర్యగ్రహణం! ఆటకొచ్చే జనం, గ్రహణానికొచ్చే జనం ఒకేసారి వచ్చిపడ్డారు. ఊరికి ముప్పై మైళ్ల దూరాన గది దొరికింది, అదే మహాభాగ్యం అనుకున్నాం.

ఏరీ సరస్సు మీంచి వచ్చే గాలికి ఏప్రిల్లో కూడా చెవులు గడ్డకట్టాయి. స్టేడియం పేరు అప్పట్లో రాకెట్ మార్ట్‌గేజ్ ఫీల్డ్‌హౌస్. మా సీట్లు ఎక్కడో అటక మీద. అక్కణ్ణుంచి చూస్తే ఆటగత్తెలు అగ్గిపుల్లల్లా ఉన్నారు. కానీ నన్ను ఆశ్చర్యపరిచింది కోర్టు కాదు, జనం. ముసలమ్మలు టీము చొక్కాలు తొడుక్కొచ్చారు. తండ్రులు కొడుకుల్ని తీసుకొచ్చారు. ఆ మగపిల్లల వీపుల మీద అయోవా అమ్మాయి కైట్లిన్ క్లార్క్ నంబరు 22! ఆడపిల్ల నంబరు వేసుకుని మగపిల్లాడు గర్వంగా తిరగడం నేనైతే ఎక్కడా చూళ్లేదు.

పక్క సీటు పెద్దావిడ

మొదటి ఆటలో సౌత్ కరోలినా 78-59తో నార్త్ కరోలినా స్టేట్‌ని తేలిగ్గా ఓడించింది. రెండోది మాత్రం గుండెలు చేత్తో పట్టుకుని చూడాల్సిందే. అయోవాకీ కనెక్టికట్‌కీ మధ్య ఆఖరి నాలుగు సెకన్ల దాకా తేలలేదు. ఆ క్షణంలో రిఫరీ కనెక్టికట్ అమ్మాయి మీద ఫౌల్ ఇచ్చారు. సగం స్టేడియం గోల, సగం స్టేడియం కేరింత. 71-69తో అయోవా గట్టెక్కింది.

నా పక్క సీట్లో అయోవా నుంచి వచ్చిన ఓ పెద్దావిడ కూర్చుంది, డెబ్బై దగ్గర పడి ఉంటాయి. విరామంలో మాటల్లో పడ్డాం. ఆవిడ చదువుకునే రోజుల్లో అయోవా స్కూళ్లలో అమ్మాయిలకి ఆట వేరేగా ఉండేదట. పక్షానికి ఆరుగురు. ముగ్గురు ఆ సగంలో, ముగ్గురు ఈ సగంలో. మధ్య గీత దాటకూడదు. బంతిని రెండుసార్లు నేలకేసి కొట్టాక ఎవరికో ఇచ్చెయ్యాలి. అమ్మాయిలు అలసిపోతారని! ఆ పద్ధతి అక్కడ 1993 దాకా నడిచింది. ‘‘నేను డిఫెన్స్ ఆడేదాన్ని. స్కూలు రోజుల్లో ఒక్క బుట్టా వెయ్యలేదు, వెయ్యనివ్వలేదు’’ అని నవ్విందావిడ. నా చున్నీ సంగతి నేనూ చెప్పాను. ఇద్దరం చేతులు పట్టుకుని నవ్వుకున్నాం.

అసలు ఈ ఆట 1891లో పుట్టింది. ఆ మరుసటి ఏడాదే సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయిని స్మిత్ కాలేజీలో అమ్మాయిలకి నేర్పింది. 1893లో జరిగిన మొదటి పోటీకి మగవాళ్లని లోపలికి రానివ్వలేదు. చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదని చట్టం వచ్చింది 1972లో. దాంతో కాలేజీలు అమ్మాయిల ఆటలకీ చోటివ్వక తప్పలేదు. కాలేజీల సంఘం అమ్మాయిలకి జాతీయ పోటీ పెట్టింది 1982లో. అంతా సమానమైపోయిందనుకోకండి. 2021లో అబ్బాయిలకి పెద్ద వ్యాయామశాల ఇచ్చి, అమ్మాయిలకి ఒక్క చిన్న స్టాండు డంబెల్స్ పెట్టారు. ఒక క్రీడాకారిణి అది వీడియో తీసి లోకానికి చూపిస్తే గొడవైంది. ‘మార్చ్ మ్యాడ్‌నెస్’ అనే పేరు అమ్మాయిల పోటీకి వాడనిచ్చింది కూడా 2022 నుంచే. పేరు కూడా అడిగి తెచ్చుకోవాల్సి వచ్చిందన్నమాట!

మూడో బంతి

శనివారం ఆట లేదు. అభిమానుల కోసం పెట్టిన సంబరానికి వెళ్లాం. ప్రవేశం ఉచితం. ఎక్కడ చూసినా రింగులు, బంతులు, బారులు తీరిన పిల్లలు. మా అమ్మాయి నాలుగు వేసి నా చేతికి బంతి ఇచ్చింది. ‘‘నువ్వు ఆడేదానివిగా, వెయ్యమ్మా.’’ దాదాపు ముప్పై ఏళ్లయింది బంతి పట్టుకుని. మొదటిది రింగుదాకా పోలేదు. రెండోది పలకకి తగిలి ఎగిరిపోయింది. మూడోది పడింది. మావారు ఫోటో తియ్యడం మర్చిపోయారు, చూస్తూ ఉండిపోయారట. ఆ ఒక్కసారికీ క్షమించేశాను.

బెంచీ గెలిచిన ఆట

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఫైనల్. సౌత్ కరోలినా, అయోవా. పద్దెనిమిది వేల మందికి పైగా జనం. మొదటి పది నిమిషాల్లోనే కైట్లిన్ ఒక్కతే 18 పాయింట్లు కొట్టేసింది. ఇంక అయిపోయిందనుకున్నాం. మా అమ్మాయి మాత్రం గొణిగింది, ‘‘అమ్మా, సౌత్ కరోలినా బెంచీ చూడు. ఎవరూ దిగులుగా లేరు.’’

అప్పుడు చూశాను. అయోవా వాళ్ల అయిదుగురే అలుపొచ్చేదాకా ఆడుతున్నారు. వీళ్లు బెంచీ మీద నుంచి ఒకరి తర్వాత ఒకరిని దింపుతున్నారు. వచ్చిన ప్రతి అమ్మాయీ తాజాగా ఉంది. టెస్సా జాన్సన్ అనే మొదటి సంవత్సరం పిల్ల బెంచీ మీద నుంచి వచ్చి 19 పాయింట్లు చేసింది. ఆ రోజు వాళ్ల టీములో అందరికంటే ఎక్కువ అవే. సౌత్ కరోలినా బెంచీ మొత్తం 37 పాయింట్లు. అయోవా బెంచీ? సున్నా. కైట్లిన్ 30 కొట్టినా లాభం లేకపోయింది. 87-75తో సౌత్ కరోలినా గెలిచింది. ఆ ఏడాది 38 ఆటలాడి ఒక్కటీ ఓడలేదు.

వాళ్ల కోచ్ డాన్ స్టేలీ. అంతకుముందు ఏడాది ఇదే అయోవా చేతిలో సెమీఫైనల్లో ఓడింది. ఆ టీములో మొదటి నుంచి ఆడే అయిదుగురూ వెళ్లిపోయారు. వెనక బెంచీల మీద ఎదురుచూసిన వాళ్లతో, కొత్తగా వచ్చినవాళ్లతో మళ్లీ టీము కట్టింది. గెలిచాక ఆవిడ కైట్లిన్‌కి పేరు పెట్టి కృతజ్ఞతలు చెప్పింది, ఈ ఆటని పైకెత్తినందుకు. ఓడిన పిల్లని పొగడ్డం నాకు భలే నచ్చింది.

17 రీబౌండ్లు పట్టి ఉత్తమ క్రీడాకారిణి అయిన కమిల్లా కార్డోసోది బ్రెజిల్. పదిహేనో ఏట అమ్మని వదిలి, ఇంగ్లీషు రాకుండా ఈ దేశం వచ్చిన పిల్ల. ఆ తల్లి ఎలా పంపిందో, ఎన్ని రాత్రులు నిద్రపోలేదో అనుకున్నాను. పక్క జిల్లాకి పంపలేని మా నాన్నగారూ గుర్తొచ్చారు.

అన్నట్టు, ఆ ఫైనల్‌ని టీవీలో 1 కోటి 80 లక్షల మందికి పైగా చూశారు. మర్నాడు జరిగిన అబ్బాయిల ఫైనల్ చూసినవాళ్లు 1 కోటి 50 లక్షలు కూడా లేరు. అమ్మాయిల ఫైనల్‌కి ఎక్కువమంది ఉండడం అదే మొదటిసారి.

గ్రహణం రోజున

ఆ రాత్రి నాన్నగారికి ఫోన్ చేశాను, అక్కడ పొద్దున్న. అంతా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, ‘‘నీ ఆట నేనెప్పుడూ చూళ్లేదు కదమ్మా’’ అన్నారు. ముప్పై ఏళ్లలో ఆ ఊసు మేమిద్దరం ఎత్తింది అప్పుడే. ‘‘మీ మనవరాలి ఆట చూద్దురుగాని లెండి నాన్నగారూ’’ అన్నాను. అంతకంటే మాట రాలేదు.

ఫోన్ అమ్మ అందుకుంది. ‘‘రేపు గ్రహణం, పిల్లని బయట తిప్పకు’’ అంది. కానీ ఆ సోమవారం మధ్యాహ్నం నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సరస్సు ఒడ్డున నిలబడ్డాం. మూడుంపావు వేళ పట్టపగలే చీకటి పడింది. దాదాపు నాలుగు నిమిషాలు. అద్దాలు తీసి చూస్తే నల్లని బిళ్ల చుట్టూ వెండి అంచు. ఇంటికొచ్చి విడుపు స్నానం చేశాం లెండి, అమ్మ మాట కొంతైనా నిలబెట్టాలిగా!

మా అమ్మాయి ఆట మానలేదు. మరుసటి ఏడు కూడా ఎక్కువగా బెంచీ మీదే. కానీ ఇప్పుడు కూర్చునే తీరు మారింది. తువ్వాలు అందిస్తుంది, అరుస్తుంది, అవతలి వాళ్ల ఎత్తులు గమనిస్తుంది. నాన్నగారు వీడియోలు పంపమని అడుగుతారు. బెంచీ మీద కూర్చున్నదే పంపినా చూస్తారు.

మీరూ వెళ్లాలనుకుంటే

* టిక్కెట్లు ముందుగా కొనుక్కోండి. టీములు తేలాక ధర మండిపోతుంది.
* హోటల్ ఊరికి కాస్త దూరంగా తీసుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది.
* స్టేడియంలోకి బయటి తిండి రానివ్వరు. పులిహోర కారులోనే తినెయ్యండి. ప్రయాణానికి చేసేటప్పుడు అన్నం పలుకుగా వార్చి, చల్లారాకే చింతపండు గుజ్జు కలిపితే సాయంత్రం దాకా ముద్దవ్వదు.
* శనివారం ఉచితంగా చూసేవే చాలా ఉంటాయి. టిక్కెట్టు దొరకని వాళ్లు పిల్లల్ని వాటికైనా తీసుకెళ్లవచ్చు.

ఈ పోటీలు ఏడాదికొక ఊళ్లో పెడతారు. 2027కి మా కొలంబస్‌నే ఎంపిక చేశారు. అప్పటికి మా అమ్మాయి పన్నెండో తరగతి. ‘‘ఈసారి నేనూ వస్తాను వదినా’’ అంటోంది మా ఆడపడుచు. పులిహోర ఇంకో శేరు ఎక్కువ కలపాలి మరి!