జెండా పాట నుంచి వీడియో తెర దాకా

వ్యాపార సదస్సులు, కొనుగోలుదారుల భేటీలు, ప్రదర్శనలు కలిసి ఇప్పుడు ఒక పెద్ద పరిశ్రమ. తెలుగునాట దాని మొదటి రూపం హైదరాబాద్‌లో కనిపించింది. 2003లో హైటెక్స్ ప్రదర్శన ప్రాంగణం, 2006లో హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రం వచ్చాయి. 2017 నవంబరు 28 నుంచి 30 దాకా ప్రపంచ పారిశ్రామికవేత్తల శిఖరాగ్ర సదస్సు అక్కడే జరిగింది. ఆ రోజుల్లో సమావేశం గొప్పతనాన్ని హాలు ఎంత పెద్దది, జనం ఎంత మంది, అతిథులు ఎంత దూరం నుంచి వచ్చారు అన్నదాన్ని బట్టి చెప్పేవారు. 2020లో కరోనా వచ్చి హాళ్లు మూయించాక ఆ లెక్క చెల్లలేదు. మళ్లీ తెరిచేసరికి కొంతమంది హాల్లో, కొంతమంది తెర మీద కూర్చునే మిశ్రమ పద్ధతి స్థిరపడింది. దాని వెంటే చిన్న చిన్న స్థానిక సభలు, అప్పటికప్పుడు అనువాదం చేసే యంత్రాలు, చెత్త మిగల్చని ఏర్పాట్లు, ముందే సమయం ఖరారు చేసుకునే భేటీలు వచ్చాయి.

ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా చర్ల, చింతూరు అడవుల దాకా ఉన్న ప్రాంతంలో హైటెక్స్ లాంటి ప్రాంగణాలు లేవు. అయినా సరుకు కోసం జనం ఒకచోట చేరడం ఇక్కడ ఏడాది పొడవునా జరిగేదే. మిర్చి యార్డు, తునికాకు కల్లం, వారపు సంత, రైతు వేదిక, రాములవారి కల్యాణ మండపం అన్నీ అలాంటి చోట్లే. ఏ పని ఫోన్లో తెగుతుంది, దేనికి మనిషి రావాల్సిందే అన్న ప్రశ్న పట్నంలో సౌకర్యానికి సంబంధించింది. ఇక్కడ దాని ఖరీదు బస్సు చార్జీ, ఒక రోజు కూలి. అందుకే కొత్త పద్ధతుల బలమూ లోపమూ ఈ అడవి అంచున తేటగా బయటపడతాయి.

ఖమ్మం వ్యవసాయ మార్కెట్‌కు పేరు తెచ్చింది తేజ రకం మిర్చి. చైనాకూ ఇతర ఆసియా దేశాలకూ ఎగుమతయ్యే ఘాటైన కాయ అది. సీజన్‌లో ఉదయమే యార్డులో జెండా పాట మొదలవుతుంది. ఖరీదుదారులు, కమీషన్ ఏజెంట్లు, మార్కెట్ అధికారులు ఒక మేలైన రాశి దగ్గరికి చేరతారు. పాట పెరుగుతూ పోయి ఆగిన చోట ఆ రోజు జెండా పాట ధర ఖాయమవుతుంది. తర్వాత ఖరీదుదారులు ఒక్కో రైతు సరుకు దగ్గరికి వెళ్తారు. బస్తాలో చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు కాయలు తీస్తారు. రంగు చూస్తారు, ఒక కాయ విరిచి గింజ చూస్తారు, గుప్పిట్లో నలిపి తేమ పట్టి చూస్తారు, తాలు ఎంత కలిసిందో అంచనా వేస్తారు. ఈ ఏటి కొత్త కాయా, కోల్డ్ స్టోరేజీలో దాచిన ఏసీ మిర్చా అన్నది చేతికే తెలిసిపోతుంది. ధర కుదిరాక కాంటా పెడతారు, తక్‌పట్టీ అనే అమ్మకపు చీటీ రాస్తారు. జెండా పాట ధర మేలైన రాశిది, మిగతా సరుకు అంతకంటే తక్కువకే పోతుంది. రైతుల అసంతృప్తికి పాత మూలం ఇదే.

కేంద్రం 2016 ఏప్రిల్ 14న ప్రారంభించిన ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ మార్కెట్ ఈ వ్యవహారాన్ని కంప్యూటర్ మీదికి తేవాలనుకుంది. గేటు దగ్గరే సరుకు వివరాలు ఎక్కించి లాట్ నంబరు ఇవ్వాలి. నాణ్యత పరీక్ష జరగాలి. ఖరీదుదారులు ఒకరి ధర ఒకరికి తెలియకుండా కోట్ చేయాలి. డబ్బు రైతు ఖాతాలో పడాలి. ఎక్కడో ఉన్న వ్యాపారి కూడా ఇక్కడి లాటుకు ధర వేయగలిగితే పోటీ పెరుగుతుందన్నది ఆలోచన. కానీ ఒకే రాశిలో పది రంగులుండే మిర్చిని తెర మీద చూసి కొనడానికి ఖరీదుదారు ధైర్యం చేయడు. అందుకే చాలా యార్డుల్లో వ్యాపారి రాశుల మధ్య తిరిగి, కాయ చూసి, అక్కడే నిలబడి ఫోన్లో ధర కొడతాడు. ధర ఎలక్ట్రానిక్ పద్ధతిలో నమోదవుతుంది, నమ్మకం మాత్రం చేతి మీదే నడుస్తుంది. పెద్ద సదస్సుల నిర్వాహకులు మిశ్రమ పద్ధతి అని చెప్పేదానికి ఇంతకంటే నిజాయితీ గల నమూనా దొరకదు. దాని హద్దు కూడా ఇక్కడే తెలిసింది. ధర కూలిన 2017 ఏప్రిల్‌లో ఖమ్మం యార్డులో రైతుల ఆగ్రహం కట్టలు తెంచుకుంది. కొనుగోలు పద్ధతి ఎంత ఆధునికమైనా, ఆ ధర ఎందుకు పడిందో రైతుకు ఎదురుగా నిలబడి చెప్పే మనిషి కావాలి.

తునికాకు వ్యాపారంలో ఈ విభజన ఇంకా స్పష్టం. 1971 చట్టంతో బీడీ ఆకు వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది. అటవీశాఖ యూనిట్లవారీగా ఆకును ముందే అమ్ముతుంది. ఒకప్పుడు కాంట్రాక్టర్లు టెండరు హాలుకు వచ్చి కూర్చునేవారు. ఇప్పుడు ఆ ఘట్టం ఆన్‌లైన్‌లో ముగుస్తోంది. ఆకు సేకరణ మాత్రం కదల్లేదు. ఎండాకాలం తెల్లవారుజామునే అడవికి వెళ్లి కోసిన ఆకును 50 చొప్పున కట్ట కట్టి, సాయంత్రం కల్లంలో లెక్క అప్పగిస్తారు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. కట్టకు ఎంత ఇవ్వాలన్న బేరం నేటికీ సేకరించేవాళ్లు, వాళ్ల సంఘాలు, కాంట్రాక్టర్లు, అధికారులు ఎదురెదురుగా కూర్చుంటేనే తెగుతుంది.

దూరం తగ్గించిన ప్రయోగాల్లో రైతు వేదిక ముఖ్యమైనది. సుమారు 5,000 ఎకరాల క్లస్టరుకు ఒకటి చొప్పున తెలంగాణ అంతటా 2,601 వేదికలు కట్టారు. 2024 మార్చి 6న వీటిలో వీడియో సౌకర్యంతో ‘రైతు నేస్తం’ మొదలైంది. తొలి విడతలో 110 వేదికలను కలిపారు. మంగళవారాల్లో శాస్త్రవేత్తలు ఒకచోట నుంచి మాట్లాడతారు, రైతులు తమ క్లస్టరు వేదికలో కూర్చుని ప్రశ్నలు అడుగుతారు. ఒక్కొక్కరు ఒక్కో ఫోన్ పట్టుకుని వినడానికీ, నలుగురు ఒక తెర ముందు కూర్చోవడానికీ చాలా తేడా ఉంది. ఆకుముడత పట్టిన మొక్కను ఒక రైతు పీక్కొస్తే పక్కనున్న వ్యవసాయ విస్తరణ అధికారి చేతిలోకి తీసుకుని చూస్తాడు. తెర మీద శాస్త్రవేత్త అడిగినదానికి పక్కరైతు కూడా జవాబు చెబుతాడు. సమావేశం ముగిశాక అసలు మాటలు బయట వరండాలో నడుస్తాయి. ప్రపంచమంతా ఇప్పుడు ఒక పెద్ద వేదిక బదులు, ఒకదానితో ఒకటి కలిసిన చిన్న వేదికలవైపు మొగ్గుతోంది. తెలంగాణ పల్లెల్లో ఆ కట్టడాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. వాటిని వ్యవసాయానికే వదిలేయక మహిళా సంఘాల కొనుగోలు భేటీలకూ, బ్యాంకు రుణ మేళాలకూ వాడుకోవడం తెలివైన పని.

పెద్ద వేడుకల విషయంలో భద్రాచలం నేర్పిన పాఠం వేరు. శ్రీరామనవమి కల్యాణానికి మిథిలా స్టేడియం జనంతో నిండిపోవడం ఆనవాయితీ. 2020 ఏప్రిల్ 2న మాత్రం భక్తులు లేకుండా ఆలయంలోనే కల్యాణం జరిపి ప్రత్యక్ష ప్రసారం చేశారు. మరుసటి ఏడూ అంతే. జనం మళ్లీ రావడం మొదలైన 2022లో ఆర్టీసీ తన కార్గో విభాగం ద్వారా ముత్యాల తలంబ్రాలను ఇంటికి చేర్చే ఏర్పాటు చేసింది. 2025లో దాని రుసుము 151 రూపాయలు. అలా ఒకే వేడుకకు మూడు రకాల హాజరు ఏర్పడింది: మండపంలో కూర్చునేవారు, టీవీలో చూసేవారు, తలంబ్రాలు అందుకునేవారు. ప్రసారం వచ్చిందని స్టేడియం ఖాళీ కాలేదు. రాలేనివారికి ప్రసారంతోపాటు చేతికి తగిలేది ఒకటి పంపాలన్న మెలకువ ఇప్పుడు వ్యాపార సదస్సుల నిర్వాహకులకూ వచ్చింది. వాళ్లు తెర మీద హాజరయ్యేవారికి నమూనా సరుకును ముందే పార్సిల్ చేస్తున్నారు.

భాష దగ్గర పని ఇంకా సగంలోనే ఉంది. కేంద్రం 2022లో తెచ్చిన ‘భాషిణి’ అనువాద వ్యవస్థ సాయంతో 2023 డిసెంబరులో వారణాసి సభలో ప్రధాని హిందీ ప్రసంగాన్ని అక్కడికి వచ్చిన తమిళ ప్రతినిధులు తమ భాషలో విన్నారు. గిరిజన భాషల కోసం 2025 సెప్టెంబరు 1న ‘ఆది వాణి’ వచ్చింది. మొదట చేరినవి సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ. భద్రాచలం ఏజెన్సీలో ఇంటి భాష అయిన కోయకు ఆ తొలి జాబితాలో చోటు దక్కలేదు. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) దర్బారుకు వచ్చిన కోయ ముసలమ్మ తన మాట చెప్పుకోవాలంటే ఇప్పటికీ తెలుగు వచ్చిన మనవడో, ఊరి పెద్దో పక్కన ఉండాలి. ముందు ఆమె మాట అధికారికి సూటిగా చేరాలి. సదస్సుల్లో విదేశీ అతిథి చెవికి యంత్రం తగిలించడం ఆ తర్వాతి సంగతి.

పర్యావరణం విషయంలో అడవి చేతిలో ఉన్న సరుకే కొత్త గిరాకీకి సరిపోతుంది. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో సమావేశాల పరిశ్రమ కర్బన ఉద్గారాలను నికర సున్నాకు తెస్తామని ప్రతిన పూనింది. దేశంలో 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, థర్మోకోల్ అలంకరణ, 100 మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లపై నిషేధం ఉంది. మోదుగాకు, అడ్డాకు విస్తర్లు ఈ నిషేధానికి సిద్ధమైన జవాబు. అయితే సభలకు కావలసింది ఒకే కొలత, గట్టి అంచు, చెప్పిన తేదీకి వేల లెక్కన సరఫరా. పుల్లలతో కుట్టే చేతులకు అచ్చు యంత్రం, నిల్వగది జతపడితేనే ఆ ఆర్డరు అడవి ఊళ్లకు వస్తుంది.

అడవి ఊళ్లవాళ్లు తమ సరుకు కొనేవాళ్లను కలిసే తీరు కూడా మారుతోంది. ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయ, తేనె సంతకు తెచ్చి గిరిజన సహకార సంస్థకో, షావుకారుకో అమ్మడం పాత దారి. భద్రాచలం ఏజెన్సీకి పొరుగునే ఉన్న ఛత్తీస్‌గఢ్ బీజాపూర్‌లో 2018 ఏప్రిల్ 14న తొలి వన్‌ధన్ కేంద్రం మొదలైంది. ఒక్కో కేంద్రంలో సుమారు 300 మంది సేకరణదారులు కలిసి సరుకును శుద్ధిచేసి, ప్యాక్ చేసి అమ్మాలన్నది పథకం. ఒకప్పుడు కూలికి వెళ్లిన భద్రాచలం మహిళలు చిరుధాన్యాలతో చేస్తున్న ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కెట్లు లండన్ దాకా వెళ్లాయని 2025 జూన్ 29 ‘మన్ కీ బాత్’లో ప్రధాని చెప్పారు. ఇలాంటి సంఘాలకు మూడు రోజులు స్టాలు వేసుకుని దారినపోయేవారి కోసం ఎదురుచూసే ప్రదర్శన కంటే, కొనేవారితో ముందే ఖరారైన పావుగంట భేటీ మేలు. ప్యాకెట్ మీద ఆహార భద్రతా లైసెన్సు నంబరు, నిల్వ గడువు, నెలకు ఎంత ఇవ్వగలరో చెప్పే కాగితం సిద్ధంగా ఉంటే ఆ పావుగంట చాలు.

వీటన్నిటికీ అడ్డు సిగ్నల్. మారుమూల ఊళ్లకు 4జీ చేర్చడానికి కేంద్రం 2022 జులైలో 26,316 కోట్ల రూపాయలతో 24,680 గ్రామాల పథకాన్ని ఆమోదించింది. అదే నెలలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. రోడ్లు మునిగినప్పుడు సమీక్షకు వీడియో ఒక్కటే దారి. సరిగ్గా అప్పుడే కరెంటు, టవర్లు కూడా ఆగిపోతాయి. వానాకాలం సభకు తేదీ పెట్టేవారు జనరేటరునూ ప్రత్యామ్నాయ వేదికనూ ముందే చూసుకోక తప్పదు.

కొన్ని సమావేశాలను మాత్రం చట్టమే ఎదురెదురు కూర్చోబెడుతుంది. అటవీ హక్కుల చట్టం కింద 2012లో సవరించిన నిబంధనల ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలుండాలి. హక్కుల దరఖాస్తులపై తీర్మానం చేయాలంటే దరఖాస్తుదారుల్లో సగం మందైనా, వారి ప్రతినిధులైనా అక్కడ ఉండాలి. తెర మీద కనిపించినా హాజరైనట్టేనని ఆ నిబంధనలు ఎక్కడా చెప్పలేదు.